మూన తిరిగే దాకా ఆగలేమా?

ఫుట్‌బాల్ గురించి రాయడానికి నీకున్న అర్హత ఏమిటని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను మన కళాశాల జట్టులో ఆడలేదు. ఆడతానని పేరిచ్చి, మూడో రోజునే మడమ బెణికి, కుంటుకుంటూ హాస్టలు దారి పట్టినవాణ్ణి. కాని ఈ సంవత్సరం మన జట్టు సొంత మైదానంలో ఆడిన ప్రతి ఆటా గట్టు మీద కూర్చుని చూశాను. అరిచాను, ఈలలు వేశాను, చివరికి ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టాను. ఆ సంతకం గురించే ఈ వ్యాసం.

జూలైలో మనకు కొత్త ఫుట్‌బాల్ కోచ్ గారు వచ్చిన సంగతి అందరికీ తెలుసు. అంతకుముందు మన ఆట ఎలా ఉండేది? గోల్‌కీపర్ బలమంతా కూడగట్టి బంతిని తన్నేవాడు. అది ఆకాశంలోకి లేచి అవతలి సగంలో ఎక్కడో పడేది. ఇద్దరు పొడుగాటి ఫార్వర్డులు దాని వెంట పరుగెత్తేవారు. తగిలితే గోలు, తగలకపోతే కథ మళ్ళీ మొదటికి. చూడ్డానికి మాత్రం హుషారుగా ఉండేది. అప్పుడప్పుడు గెలిచేవాళ్ళం కూడాను.

కొత్త కోచ్ గారు ఈ పద్ధతి మాన్పించారు. గోల్‌కీపర్ బంతిని పక్కనున్న ఫుల్‌బ్యాక్‌కి ఇవ్వాలి. అతను మధ్యలో ఉన్నవాడికి ఇవ్వాలి. దారి మూసుకుపోతే భయపడకుండా వెనక్కి ఇచ్చి, రెండో వైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. బంతి నేల విడవకూడదు. ఇదీ ఆయన పాఠం.

మొదటి పోటీలో మనం 3-0తో ఓడిపోయాం. ఆ మూడింటిలో రెండు గోల్స్ మనవాళ్ళు మన గోలు ముందర తడబడి అవతలివాళ్ళ కాళ్ళకు అందించినవే. ఇంక చూడండి మా గట్టు మీద గోల! “కొట్టరా బాబూ, కొట్టు!” అని ఒకరు. “ఇదేం ఆటండీ, పెళ్ళికూతురి అప్పగింతల్లా ఉంది!” అని మరొకరు. ఆ అప్పగింతల మాట అన్నది నేనే. అందరూ నవ్వారు. నాకు మహా గర్వంగా ఉండింది.

రెండో పోటీ ఓడిపోయాం. మూడోది సమానం. నాలుగోది మళ్ళీ ఓటమి. అయిదో పోటీ రాకముందే హాస్టల్లో కాగితం తయారైంది. జట్టు ఆటతీరు కళాశాల ప్రతిష్ఠకు భంగకరంగా ఉన్నదనీ, కోచ్ గారిని మార్చవలసిందనీ దాని సారాంశం. నలభై ముగ్గురం సంతకాలు చేశాం. నాది తొమ్మిదోది. ఆయన పార్ట్‌టైమ్ ఉద్యోగం డిసెంబరుతో ముగిసింది, పొడిగించలేదు. సంక్రాంతి సెలవులకు ముందే ఆయన వెళ్ళిపోయారు. వీడ్కోలు సభ జరగలేదు, ఒక దండ వేసినవాళ్ళూ లేరు.

తరవాత ఏమైంది? మనవాళ్ళు మళ్ళీ బంతిని ఆకాశంలోకి తన్నడం మొదలుపెట్టారు. అంతర్ కళాశాలల పోటీల్లో మొదటి రౌండులోనే ఇంటికి వచ్చేశారు. ఈసారి ఎవరూ కాగితం తయారు చేయలేదు. అలవాటైన ఓటమి ఎవరినీ బాధపెట్టదు కాబోలు.

నా గదిలో ఉండే మిత్రుడు జట్టులో ఫుల్‌బ్యాక్. ఒక రాత్రి మాటల్లో అతను అన్న మాట నన్ను పట్టుకుంది. “ప్రాక్టీసులో బాగానే ఇచ్చుకునేవాళ్ళంరా. సాయంత్రం ఖాళీ మైదానంలో ఇరవై పాసులు కూడా కట్టేవాళ్ళం. పోటీ రోజున మీ అరుపులు వినగానే కాళ్ళు నా మాట వినేవి కావు. బంతి ఎక్కడికి ఇవ్వాలో కనపడుతూనే ఉండేది. కాని ముందు మీరే వినపడేవారు.”

సైన్సు విద్యార్థులకు ఒక్క ఉదాహరణ చాలు. ప్రయోగశాలలో సున్నితపు త్రాసుకు చుట్టూ అద్దాల పెట్టె ఎందుకుంటుంది? గాలి తగిలితే తూకం మారిపోతుందని. ఆ తలుపు తెరిచి, నోటితో ఊది, “ఈ త్రాసు పనికిరాదు, బయట పారేయండి” అన్న విద్యార్థిని డిమాన్‌స్ట్రేటర్ గారు ఏమంటారు? మేము నలభై ముగ్గురం చేసిన పని అచ్చంగా అదే. ఊదిందీ మేమే, త్రాసు తప్పన్నదీ మేమే. ఆ కోచ్ గారి పద్ధతి మంచిదో కాదో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకునే అవకాశాన్ని మేమే పాడుచేశాం. నా బాధ అది.

ఇది మన ఒక్క మైదానం గొడవ కాదు. ఇంగ్లండులో కోచ్‌ని మేనేజర్ అంటారు. అక్కడ కొత్త మేనేజర్ వచ్చిన పది వారాలకే అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోవడం మామూలే. 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చిన అలెక్స్ ఫెర్గూసన్‌కి మొదటి కప్పు చేతికందింది 1990లో. ఈ మధ్యలో ఆయన్ని పొమ్మన్నవాళ్ళకు కొదవలేదు. ఇంగ్లండు దాకా ఎందుకు, మన తెలుగునేల మీదనే ఇంతకంటే గొప్ప కథ ఉంది. మనలో చాలామందికి అది తెలియకపోవడమే విచారకరం.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే ఆయన ఉండేవారు. బడిపంతులు. రహీమ్ సాబ్ అంటే ఫుట్‌బాల్ లోకంలో తెలియనివారు లేరు. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే డ్రిబ్లింగే. బంతిని ఒకడే పట్టుకుని నలుగుర్ని తప్పించుకుపోతుంటే జనం వెర్రెత్తిపోయేవారు. రహీమ్ సాబ్ దానికి ఎదురు నడిచారు. బంతి వచ్చీ రాగానే పక్కవాడికి ఇచ్చేయమన్నారు. ఊరికే చెబితే కుర్రవాళ్ళు వింటారా? అందుకని డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలనే పోటీలు పెట్టారు. ఊహించండి, ఎడమకాలితో తడబడుతున్న ఆ కుర్రవాళ్ళను గట్టు మీద నుంచి చూస్తే ఎంత నవ్వులాటగా ఉండేదో! ఆ చేతిలో రూపు దిద్దుకున్నవారిలోనే తులసీదాస్ బలరామ్, పీటర్ తంగరాజ్, యూసఫ్ ఖాన్ ఉన్నారు.

కొత్త ఆటతీరు మొదట్లో పాతదానికంటే అధ్వాన్నంగా ఎందుకు కనిపిస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. బంతిని దూరంగా తన్నేయడానికి ఒక్కడి కాలు చాలు. చిన్న పాసుల ఆటకు పదకొండు మందీ ఒకేసారి కదలాలి. బంతి ఉన్నవాడికి ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు అందుబాటులో ఉండాలి. అందులో ఒక్కడు ఒక్క అడుగు ఆలస్యం చేస్తే బంతి పోతుంది. అదీ మన గోలుకు దగ్గరలో పోతుంది. అంటే నేర్చుకునే కాలంలో పొరపాటుకు పడే జరిమానా ఈ పద్ధతిలోనే ఎక్కువ. దూరంగా తన్నినవాడి పొరపాటు అవతలి సగంలో ఎక్కడో కలిసిపోతుంది. నేర్చుకుంటున్నవాడి పొరపాటు స్కోరుబోర్డు ఎక్కుతుంది.

స్కోరుబోర్డు మాట వచ్చింది గనక రహీమ్ సాబ్ కథలో తరవాతి భాగం చెబుతాను. 1951లో ఆయన శిక్షణలో మన దేశం ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు, 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో ఓడిపోయింది. ఎంత తేడాతో? 10-1. మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. పది గోల్స్! మన హాస్టల్లో అయితే అదే రాత్రి కాగితం తయారయ్యేది.

1956లో మెల్బోర్న్‌కి మళ్ళీ రహీమ్ సాబ్‌నే పంపారు. అక్కడ మనవాళ్ళు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదనే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్లో ఎదురైంది ఎవరు? మళ్ళీ యుగోస్లావియానే. ఈసారి మొదటి గోలు మనది. చివరికి 4-1తో ఓడిపోయాం. చివరికి దక్కింది నాలుగో స్థానం. ఫలితాల పట్టిక చూసేవాడికి 1952లో ఓటమి, 1956లో ఓటమి, రెండూ ఒకటే. ఆట చూసేవాడికి ఆ రెంటి మధ్య నాలుగేళ్ళ శ్రమ కనిపిస్తుంది.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లోనూ అంతే. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తరవాత జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. అతను వెనుక నిలబడి గోలు కాచే ఆటగాడు. రహీమ్ సాబ్ అతన్ని ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టారు. లక్షమంది జనం మనకు వ్యతిరేకంగా అరుస్తున్న స్టేడియంలో, 1962 సెప్టెంబరు 4న, అదే దక్షిణ కొరియాను మనవాళ్ళు ఫైనల్లో 2-1తో ఓడించారు. పి.కె. బెనర్జీది ఒక గోలు, తలకు కట్టుతో ఆడిన జర్నైల్‌ది ఒక గోలు. అప్పటికే రహీమ్ సాబ్‌ని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ తరవాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు మరో స్వర్ణం రాలేదు.

ఇది తాతల నాటి ముచ్చట అంటారా? అయితే మనం కళ్ళారా చూసింది చెబుతాను. హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో పుట్టింది. మొదటి సీజన్లో పది జట్లలో పదో స్థానం, మొత్తం పది పాయింట్లు. మధ్యలోనే కోచ్‌ని మార్చారు. 2020 ఆగస్టు చివర్లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశస్థుడు వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి కుర్రవాళ్ళను నమ్మి ఆడించాడు. ఆ సీజన్లో ఇరవై ఆటల్లో ఆరు గెలుపులు, మూడు ఓటములు, మిగిలిన పదకొండూ సమానం. అయిదో స్థానంతో ఆగిపోయారు. నాకు బాగా గుర్తు, మా అన్నయ్య ఫోన్లో చూస్తూ “ఇదేం టీమురా, గెలవరు, ఓడరు” అని విసుక్కునేవాడు. మరుసటి సీజన్లో అదే జట్టు రెండో స్థానానికి వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిస్తే, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు గెలిపించాడు.

ఇందులో నన్ను ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. కరోనా మూలంగా ఆ రెండు సీజన్ల ఆటలూ గోవాలోనే, ఖాళీ స్టేడియాల్లో జరిగాయి. ఫైనల్ నాటికి గాని జనాన్ని రానివ్వలేదు. అంటే ఆ కుర్రవాళ్ళు తప్పులు చేస్తూ నేర్చుకున్న కాలంలో గట్టు మీద నాబోటివాడు లేడు! ఖాళీ కుర్చీలే గెలిపించాయని నేననను. ఆ ఏడు ఒగ్బెచే కొట్టిన 18 గోల్స్ కుర్చీలు కొట్టలేదు కదా. కాని నా మిత్రుడు చెప్పిన ఖాళీ మైదానం మాటకూ దీనికీ ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది. ఆ క్లబ్బు తరవాత అప్పుల్లో కూరుకుపోయి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోవడం వేరే విషాదం.

ఇక్కడ మా అన్నయ్యలాంటివారు ఒక ప్రశ్న వేస్తారు. “ఓపిక పట్టు, ఓపిక పట్టు అంటే ఎన్నాళ్ళు? నిదానమే ప్రధానం అన్నవాళ్ళే ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు. చేతకానివాణ్ణి కూడా భరించాలా?” ఈ ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. ఎందుకంటే ఇదే మార్కెజ్ 2024లో మన దేశ జట్టుకు కోచ్ అయ్యాడు. ఎనిమిది ఆటల్లో ఒక్కటే గెలుపు. 2025 జూలైలో తప్పుకున్నాడు. హైదరాబాదులో ఫలించిన మనిషే దేశ జట్టు దగ్గర ఫలించలేదు. క్లబ్బులో ఆటగాళ్ళు రోజూ కళ్ళముందుంటారు, దేశ జట్టులో అప్పుడప్పుడు కొద్దిరోజులు దొరుకుతారు. పైగా మొదటి సంవత్సరం ఆయన ఎఫ్.సి. గోవాకి కూడా కోచ్‌గా ఉన్నాడు. వేళ్ళూనుకునే వీలు లేనిచోట ఎంత ఆగినా ఆగినట్టే. లండన్లో టాటెన్‌హామ్ సంగతి ఇంకా చిక్కు. 2025లో పోస్టెకోగ్లూ వాళ్ళకు యూరోపా లీగ్ కప్పు తెచ్చాడు, పదిహేడేళ్ళ తరవాత వచ్చిన మొదటి కప్పు. అదే ఏడు లీగులో పదిహేడో స్థానం. కప్పు వచ్చిన కొద్దిరోజులకే ఆయన్ని పంపేశారు. తప్పా, ఒప్పా? ఆ ఊరి అభిమానులే ఇప్పటికీ తేల్చుకోలేదు.

కాబట్టి నేను గుడ్డి ఓపిక అడగడం లేదు. నేను అడిగేది మా నాన్నగారి ఓపిక.

మాది వ్యవసాయ కుటుంబం. నారు పీకి ఊడ్చిన కొత్తలో చేను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆకుమడిలో పచ్చగా కళకళలాడిన నారు ఊడ్చాక పసుపు పచ్చబారి, తల వాల్చేసి, చచ్చిపోయిందేమో అన్నట్టుంటుంది. దారిన పోయేవాళ్ళు “ఏవండీ, చేను అలా ఉందేంటండీ?” అని అడుగుతారు. చిన్నప్పుడు నాకు అనుమానం వచ్చి, బతికిందో లేదో చూద్దామని నాలుగు మొక్కలు పీకి వేళ్ళు చూశాను. నాన్నగారు కొట్టలేదు. “ఇప్పుడు నిజంగా చచ్చాయిరా” అన్నారు, అంతే. వారం పది రోజులకు చేను మూన తిరుగుతుంది. కొత్త వేరు పుడుతుంది, ఆకు నిటారుగా లేస్తుంది. అప్పటిదాకా ఆగడం రైతుకు తెలుసు.

కాని ఆ పది రోజులూ నాన్నగారు ఇంట్లో పడుకోరు. రోజూ గట్టు మీద నడుస్తారు. నీరు పలచగా ఉందా, ఎక్కడైనా మునిగిందా, పురుగు తగిలిందా అని చూస్తారు. మొక్క చచ్చినచోట మిగిలిన నారు తెచ్చి పెడతారు. తరవాత పిలకలు లెక్కపెడతారు. మార్టేరు కేంద్రం నుంచి కొత్త రకం వస్తే ముందు అర ఎకరంలో వేస్తారు. పంట చేతికొచ్చాక, కొలత వేశాక, నచ్చకపోతే మరుసటి సార్వాకి మొహమాటం లేకుండా మానేస్తారు. కాని మధ్యలో దున్నెయ్యరు. స్వర్ణ వరి సుమారు అయిదు నెలల పంట. నూరో రోజున వెళ్ళి “గింజ ఏదీ?” అని గద్దించేవాణ్ణి మా ఊళ్ళో రైతు అనరు.

మనమేమో ఫుట్‌బాల్‌ని పందెం కోడిని చూసే కళ్ళతో చూస్తున్నాం. కత్తి కట్టి వదిలితే నాలుగు నిమిషాల్లో తేలిపోవాలి. ఏది గెలిస్తే అది జాతి కోడి, ఏది ఓడితే అది కూరకే. సంక్రాంతికి అది చెల్లుతుందేమో గాని, పదకొండు మంది కుర్రవాళ్ళ చదువుకు చెల్లదు. అవును, అది కూడా చదువే.

మరి గెలుపు లేనప్పుడు ఏం చూడాలి? నాకు తోచినవి చెబుతాను. మొదటిది, జట్టు ప్రతి ఆటలోనూ ఒకే పనిని ప్రయత్నిస్తోందా, లేక వారానికొక వేషం వేస్తోందా? రెండోది, ఆగస్టులో చేసిన తప్పే అక్టోబరులోనూ చేస్తోందా, లేక కొత్త తప్పులు చేస్తోందా? కొత్త తప్పులు చేస్తుంటే నేర్చుకుంటున్నట్టే లెక్క. మూడోది, ఆటగాళ్ళకు ఆయన మీద నమ్మకం ఉందా? ఈ మూడూ లేకపోతే సంవత్సరాంతాన ఆ కోచ్‌ని గౌరవంగా సాగనంపవచ్చు. మేము నలభై ముగ్గురం వీటిలో ఒక్కటీ చూడలేదు. ఆటగాళ్ళను ఒక్కమాట అడగనైనా లేదు.

విద్యార్థి సంఘం పెద్దలకూ, భౌతిక విద్యాశాఖ వారికీ నా మనవి ఇది. కోచ్‌ని నియమిస్తే పూర్తి విద్యా సంవత్సరానికి నియమించండి. ఆయన ఏ ఆట నేర్పదలచుకున్నారో జూలైలోనే ఒక సాయంత్రం విద్యార్థులందరికీ చెప్పించండి. ఏ పంట వేశారో తెలిస్తే ఎన్నాళ్ళు ఆగాలో తెలుస్తుంది. మార్చిలో ఆటగాళ్ళనూ కూర్చోబెట్టుకుని మంచిచెడ్డలు విచారించండి. ఆలోగా ఏ సంతకాల కాగితం వచ్చినా సొరుగులో పెట్టేయండి. అందులో నా పేరున్నా సరే.

గట్టు మీద కూర్చునే సోదరులకూ ఒక మాట. అరవొద్దని నేననను. అరుపు లేని ఆటకు అందం లేదు. పేరు పెట్టి పిలవండి, చప్పట్లు కొట్టండి, రిఫరీని కావలసినంత విసుక్కోండి. బంతి కాళ్ళ దగ్గర పెట్టుకుని దారి వెతుక్కుంటున్న కుర్రవాడితో “కొట్టు” అనే ఒక్క మాట మాత్రం అనకండి.

ఆ కోచ్ గారికి నేనొక ఉత్తరం రాశాను. క్షమించమని అడగడానికి ముఖం చెల్లక, అప్పగింతల మాట అన్నది నేనేనని మాత్రం రాశాను. జవాబు ఇంకా రాలేదు. జూన్‌లో కళాశాల తెరవగానే, ఆయనను మళ్ళీ ఒక పూర్తి సంవత్సరానికి పిలవవలసిందని కోరుతూ ఇంకో కాగితం తయారు చేయబోతున్నాను. ఆయన వస్తారో రారో, ఆయన ఆట మన నేలలో పండుతుందో లేదో నాకు తెలియదు. ఈసారి మాత్రం మొదటి సంతకం నాది. మిగతా నలభై రెండు సంతకాలవాళ్ళు ఎవరో నాకు తెలుసు. వాళ్ళ గదులకు నేనే వస్తాను.